హుగ్లీ నది అడుగున ద్విబంధం

ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న ఇళ్లలో కర్బన రసాయనశాస్త్రం పేరు విననివారుండరు. అందులోనూ ఆల్కీన్ల పాఠం వచ్చేసరికి ద్విబంధం, సిస్, ట్రాన్స్, బ్రోమిన్ నీరు, మార్కొవ్నికాఫ్ నియమం అంటూ తెల్లవారుజామున లేచి వల్లె వేయడం మనమంతా ఎరిగినదే. పరీక్ష ముగిసిన మరునాడే అదంతా మరపున పడడం కూడా అంతే సహజం. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ఆ పాఠం ఎక్కడ జరిగిందో, ఎవరికి ఏ అవసరం తీర్చిందో పుస్తకం చెప్పదు. పేర్లు, బాణం గుర్తులు మాత్రమే చూపుతుంది.

ఈ పాఠానికి ఒక ఊరంటూ ఉంటే, అది కలకత్తా అని చెప్పవచ్చు. హుగ్లీ నది వెంట సాహాగంజ్ నుండి హల్దియా వరకు సాగిన రెండు వందల ఏళ్ల చరిత్రలో ఆల్కీన్ల అధ్యాయం దాదాపు అంతా ఇమిడి ఉంది. ఉద్యోగరీత్యా కోల్‌కతాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు సెలవు దినాన షిబ్‌పూర్ వృక్షశాస్త్ర ఉద్యానవనానికి వెళ్లి మహావటవృక్షాన్ని చూసి వస్తూనే ఉంటాయి. ఆ తోటలోనే మన కథ మొదలవుతుంది. అయితే అక్కడికి వెళ్లే ముందు ద్విబంధం అంటే ఏమిటో రెండు మాటలు చెప్పుకోవాలి.

రెండు మేకుల బిగింపు

కార్బన్ పరమాణువుకు నాలుగు చేతులున్నాయని చిన్నతరగతులలో చెబుతారు. రెండు కార్బన్లు ఒక్కొక్క చేయి కలిపితే ఏకబంధం, రెండేసి చేతులు కలిపితే ద్విబంధం. కార్బన్, హైడ్రోజన్ మాత్రమే గల సమ్మేళనంలో ఒక ద్విబంధం ఉంటే దానిని ఆల్కీన్ అంటారు. వీటిలో మొదటిది ఇథిలీన్. శాస్త్రీయ నామం ఈథీన్. ఇందులో రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు ఉంటాయి.

చేతుల ఉపమానం ఇంతవరకే పనికివస్తుంది. ద్విబంధంలోని రెండు బంధాలు ఒక తీరువి కావు. ప్రతి కార్బన్ తన మూడు సంకర ఆర్బిటాళ్లను ఒకే సమతలంలో, సుమారు 120 డిగ్రీల కోణంలో చాచుతుంది. వాటిలో ఒకటి పొరుగు కార్బన్‌తో ఎదురెదురుగా కలిసి సిగ్మా బంధం అవుతుంది. ఇది దృఢమైనది. మిగిలిపోయిన నాలుగవ ఆర్బిటాల్ ఆ సమతలానికి నిలువుగా నిలిచి, పొరుగు కార్బన్‌లోని తన జోడుతో పక్కపక్కగా కలుస్తుంది. అది పై బంధం. దాని ఎలక్ట్రాన్ మేఘం సమతలానికి ఎగువన, దిగువన పరచుకొని ఉంటుంది. బంధాలు రెండయ్యేసరికి కార్బన్లు దగ్గరకు జరుగుతాయి. ఏకబంధం పొడవు 1.54 ఆంగ్‌స్ట్రాములు కాగా ద్విబంధం పొడవు 1.34 మాత్రమే.

రెండు చెక్కబద్దలను ఒకే మేకుతో బిగించి చూడండి, ఒకదానిపై ఒకటి సులువుగా తిరుగుతాయి. రెండవ మేకు కొట్టారా, ఇక కదలవు. ఏకబంధం చుట్టూ అణువు యథేచ్ఛగా తిరుగుతుంది, ద్విబంధం చుట్టూ తిరగదు. తిప్పాలంటే పై బంధాన్ని తెంచవలసిందే. ఈథేన్‌లో ఏకబంధం చుట్టూ తిరగడానికి ఒక మోల్‌కు 12 కిలోజౌళ్ల శక్తి చాలు. ఇథిలీన్‌లో సుమారు 270 కావాలి. అంత శక్తి మామూలు గది ఉష్ణోగ్రత వద్ద అణువులకు లభించదు.

ద్విబంధానికి ఇలా రెండు గుణాలు అబ్బినవి. తిరగదు గనుక అణువుకు ఒక నిలుకడైన ఆకారాన్ని ఇస్తుంది. పై బంధపు ఎలక్ట్రాన్లు బయటికి, అందుబాటులో ఉన్నాయి గనుక ఇతర పదార్థాలను ఆహ్వానిస్తుంది. ఆల్కీన్ల పాఠమంతా ఈ రెండింటి విస్తరణమే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తేనె బుట్ట నుండి తంతితీగ వరకు

షిబ్‌పూర్ తోటను 1787లో రాబర్ట్ కిడ్ స్థాపించాడు. 1793లో దాని అధికారిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ మన తెలుగువారికి పరాయివాడు కాడు. అంతకు ముందు పన్నెండేళ్లపాటు ఆయన సామర్లకోటలో ఉండి గోదావరి, సర్కారు ప్రాంతాల మొక్కలను పరిశీలించాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన వెలువరించిన బృహద్గ్రంథంలో అనేక మొక్కలకు తెలుగు పేర్లు నమోదై ఉన్నాయి. ఆ బొమ్మలు గీసినవారు భారతీయ చిత్రకారులు.

1810 చివరిలో సిల్హెట్ నుండి స్మిత్ అనే ఆంగ్లేయుడు రాక్స్‌బర్గ్‌కు ఒక బుట్టెడు తేనె పంపాడు. చీల్చిన పేముతో అల్లిన బుట్ట అది, దానిని అక్కడివారు తురంగ్ అంటారు. అల్లిక బుట్టలో తేనె కారకుండా ఎలా నిలిచింది? లోపలి వైపు ఒక చెట్టు పాలు పూశారు. ఆ పూత ఎండి, సాగే గుణం గల రబ్బరు పొరగా మారింది. తేనె కంటె బుట్టే రాక్స్‌బర్గ్‌కు ఎక్కువ నచ్చి ఉండాలి! ఆ చెట్టును తెప్పించి పరిశీలించి ఫైకస్ ఇలాస్టికా అని నామకరణం చేశాడు. మన మర్రి, రావి చెట్ల దాయాది అది. నేడు ఇళ్లలో కుండీలలో పెంచుకునే రబ్బరు మొక్క కూడా అదే.

మరి ఇరవై తొమ్మిదేళ్లకు అదే తోటలో ఇంకొక ప్రయోగం జరిగింది. కలకత్తా వైద్య కళాశాల రసాయనశాస్త్ర ఆచార్యుడు విలియం ఓషానెస్సీ, 1839లో తోట అధికారి వాలిచ్ సహకారంతో ఇరవై మైళ్లకు మించిన తీగను వెదురు గడల మీద తిప్పి విద్యుత్ సంకేతాలను పంపాడు. తీగను నది అడుగున కూడా వేసి చూశాడు. గాలిలో వేలాడే తీగకు తొడుగు అవసరం లేదు. నీటిలో మునిగిన తీగకు తొడుగు లేకపోతే విద్యుత్తు నీటిపాలవుతుంది. ఆయన తన తీగను తారు పట్టించిన నారతో చుట్టి చీల్చిన పేములో ఇమిడ్చాడు. ప్రయోగానికి అది సరిపోయింది. కాని ఏళ్ల తరబడి నీటిలో నిలిచే తొడుగు కాదది.

రబ్బరు ఉన్నది కదా అని పాఠకులకు తోచవచ్చు. అప్పటి పచ్చి రబ్బరు ఎండకాలం జిగురై అంటుకునేది, చలికి బిరుసెక్కేది, కొంతకాలానికి గాలి తగిలి చెడిపోయేది. కలకత్తా వేసవి దానికి బద్ధశత్రువు. చిత్రమేమిటంటే ఓషానెస్సీ తోటలో తీగలు కట్టిన అదే 1839లో, అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఆ లోపాలు పోతాయని కనుగొన్నాడు. ఆ సంగతి తరువాత చూద్దాం. తంతితీగకు మాత్రం సమాధానం మరొక దిక్కు నుండి వచ్చింది.

సింగపూర్‌లో కంపెనీ వైద్యుడిగా పనిచేస్తున్న విలియం మాంట్‌గొమరీ, ఒక మలయ్ శ్రామికుని కత్తి పిడిని చూసి ఆశ్చర్యపడ్డాడు. అది కర్రా కాదు, కొమ్మూ కాదు. వేడినీటిలో ముంచితే మెత్తబడి కోరిన రూపు తీసుకుంటుంది, చల్లారితే గట్టిపడుతుంది. అది గట్టాపెర్చా అనే చెట్టు పాలు. మన ఇప్ప, పొగడ, సపోటాల కుటుంబానికి చెందిన చెట్టు అది. శస్త్రచికిత్స పరికరాలకు పనికివస్తుందని ఆయన 1843లో కలకత్తాలోని మెడికల్ బోర్డుకు నివేదించాడు. కొద్దికాలంలోనే అది విద్యుత్ బంధకంగా అమోఘమని ఐరోపాలో తేలింది. మైకేల్ ఫారడే 1848లో దాని సుగుణాన్ని ప్రకటించగా, అప్పటికే జర్మనీలో వెర్నర్ సీమెన్స్ భూగర్భ తీగలకు దానిని తొడిగాడు.

1851లో కలకత్తా నుండి డైమండ్ హార్బర్‌కు భారతదేశపు తొలి తంతిమార్గం వెలిసింది. దానిని ఆవలి ఒడ్డున కుక్రాహాటీ మీదుగా ఖేజురీకి పొడిగించినపుడు హుగ్లీని దాటవలసి వచ్చింది. ఓషానెస్సీ గట్టాపెర్చా తొడిగిన తీగను ఇనుప గొలుసు సందులలో ఇమిడ్చి నది అడుగున దించాడు. ఓడల లంగరులు తగిలినా గొలుసు కాపాడుతుందని ఆయన ఆలోచన. నౌకల రాకపోకల కబురు సముద్రముఖం నుండి నిమిషాలలో కలకత్తా వర్తకులకు అందసాగింది. 1854 నాటికి ఆ మార్గం ఆగ్రా వరకు పాకింది.

ఒకే సూత్రం, రెండు స్వభావాలు

ఇప్పుడు అసలు చిక్కుప్రశ్న. రబ్బరును విశ్లేషించిన ఫారడే 1826లోనే అందులో అయిదు కార్బన్లకు ఎనిమిది హైడ్రోజన్లున్నాయని చెప్పాడు. గట్టాపెర్చాను విశ్లేషిస్తే అదే లెక్క. 1860లో గ్రెవిల్ విలియమ్స్ రెండింటినీ వేర్వేరుగా బట్టీపట్టగా రెండింటి నుండీ ఒకే ద్రవం వచ్చింది. దానికి ఐసోప్రీన్ అని పేరు పెట్టాడు. ఒకే మట్టితో చేసిన రెండు కుండలలో ఒకటి సాగడమేమిటి, ఒకటి బిరుసుగా ఉండడమేమిటి?

ఇక్కడే సాదృశ్యం అనే మాట అవసరపడుతుంది. ఒకే అణుసూత్రం కలిగి, పరమాణువుల అమరికలో భేదించే సమ్మేళనాలను సదృశకాలు, అనగా ఐసోమర్లు అంటారు. ఆల్కీన్లలో ఇది పలు విధాలు. నాలుగు కార్బన్ల బ్యూటీన్‌ను తీసుకుంటే ద్విబంధం గొలుసు చివర ఉండవచ్చు, నడుమ ఉండవచ్చు, లేదా గొలుసే కొమ్మలు వేయవచ్చు. ఇవి నిర్మాణంలో భేదాలు, పిల్లలు సులువుగానే గ్రహిస్తారు. తికమక పడేది తరువాతిదాని దగ్గర.

ద్విబంధం నడుమ ఉన్న బ్యూటీన్‌లో రెండు చివరల మిథైల్ సమూహాలు ద్విబంధానికి ఒకే వైపున ఉండవచ్చు లేదా చెరొక వైపున ఉండవచ్చు. ద్విబంధం తిరగదు గనుక ఒకటి మరొకటిగా మారదు. ద్విబంధాన్ని హుగ్లీ నది అనుకోండి. ఇద్దరు అన్నదమ్ములూ కోల్‌కతా గట్టునే ఉంటే సిస్. ఒకరు కోల్‌కతాలో, ఒకరు హౌరాలో ఉంటే ట్రాన్స్. ఈ లాటిన్ మాటలకు అర్థం కూడా అదే: ఈవల, ఆవల. దీనినే జ్యామితీయ సాదృశ్యం అంటారు. అయితే ప్రతి ద్విబంధ కార్బన్‌కు రెండు భిన్నమైన సమూహాలుండాలి. ఒక కార్బన్ మీద రెండూ హైడ్రోజన్లే అయితే ఈ భేదానికి తావు లేదు. ఇథిలీన్‌కు సిస్, ట్రాన్స్ లేకపోవడానికి కారణమదే. నాలుగు సమూహాలూ వేర్వేరైనపుడు జెడ్, ఇ అనే జర్మన్ పొడి అక్షరాలు వాడతారు. అది నామకరణపు సౌకర్యం మాత్రమే.

ఇంత చిన్న భేదానికి అంత ఫలితముంటుందా? మేలిక్ ఆమ్లం, ఫ్యూమరిక్ ఆమ్లం అనేవి ఇలాంటి జంట. మొదటిది సుమారు 135 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, రెండవది 287 డిగ్రీల దాకా కరగదు. ఇవి రెండెందుకున్నాయో రసాయనవేత్తలకు అంతుపట్టని కాలంలో, యువకుడైన వాంట్‌హాఫ్ 1874-75 ప్రాంతంలో ద్విబంధం తిరగకపోవడమే కారణమని సూచించాడు. పరమాణువులను ఎవరూ చూడని రోజులలో కాగితం మీద వేసిన ఊహ అది.

రబ్బరు, గట్టాపెర్చా కథ ఇదే. రెండూ వేలాది ఐసోప్రీన్ ముక్కలు గొలుసుగా చేరిన మహాణువులు. ప్రతి ముక్కకు ఒక ద్విబంధం మిగిలి ఉంటుంది. రబ్బరులో ఆ ద్విబంధాలన్నీ సిస్. గొలుసు ఏ గట్టున ద్విబంధం చేరిందో అదే గట్టున బయటపడుతుంది. అందువలన గొలుసు వంకరలు పోయి, ఉండలు చుట్టుకుంటుంది, పొరుగు గొలుసుతో ఒద్దికగా ఒరగదు. లాగితే ఉండ విప్పుకుంటుంది, వదిలితే తిరిగి చుట్టుకుంటుంది. అదే సాగే గుణం. గట్టాపెర్చాలో అన్నీ ట్రాన్స్. గొలుసు ఈ గట్టున చేరి ఆ గట్టున బయటపడుతూ నిటారుగా సాగుతుంది. నిటారు గొలుసులు కట్టెలమోపులా దగ్గరగా పేరుకొని స్ఫటికాలవుతాయి. అందుకే అది గది ఉష్ణోగ్రతలో గట్టిది. సుమారు 60 డిగ్రీల వద్ద ఆ పేర్పు సడలి మెత్తబడుతుంది. మలయ్ శ్రామికుని వేడినీటి కిటుకు అదే. చూయింగ్ గమ్‌కు పూర్వం వాడిన సపోటా చెట్టు పాలలో సిస్, ట్రాన్స్ రెండూ కలిసి ఉంటాయి. కాబట్టి అది నమలడానికి వీలైన నడిమి రకం అయింది. ప్రకృతి హాస్యప్రియత్వం కొట్టవచ్చినట్లు కనబడుతుంది.

మన చూపు కూడా ఇటువంటి మార్పు మీదనే ఆధారపడి ఉందని ప్రస్తావవశాన చెప్పాలి. కంటిపొరలోని రెటినాల్ అణువులో ఒక ద్విబంధం సిస్ రూపంలో ఉంటుంది. వెలుగు సోకగానే దాని శక్తితో పై బంధం క్షణకాలం సడలి, ఆ బంధం ట్రాన్స్ అవుతుంది. ఆ కదలికే మెదడుకు చేరే సంకేతానికి నాంది. ఈ పరిశోధనలకు జార్జ్ వాల్డ్ 1967లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు.

ఆహ్వానించే బంధం

ఆల్కీన్ల భౌతిక ధర్మాలలో చెప్పుకోదగిన వింత లేదు. నాలుగు కార్బన్ల వరకు వాయువులు, ఆపైన ద్రవాలు, ఇంకా పెద్దవి ఘనపదార్థాలు. నీటిలో కరగవు, నీటికంటె తేలిక. రసాయన ధర్మాలలోనే వాటి సొగసంతా ఉంది. 1795లో డచ్ రసాయనవేత్తలు ఇథిలీన్‌ను క్లోరిన్‌తో కలపగా నూనె వంటి ద్రవం ఏర్పడింది. అందుకే ఈ కుటుంబానికి ఓలిఫిన్లు, అనగా నూనె పుట్టించేవి, అనే పాత పేరు వచ్చింది. బ్రోమిన్ నీటి రంగు పోగొట్టే కళాశాల పరీక్ష కూడా ఇదే తరహా సంకలన చర్య. పై బంధం తెరచుకొని, వచ్చిన అతిథులకు చెరొక కార్బన్ మీద చోటిస్తుంది. హైడ్రోజన్ బ్రోమైడ్ వంటిది వస్తే హైడ్రోజన్ ఏ కార్బన్‌కు పోతుంది? అప్పటికే హైడ్రోజన్లు ఎక్కువ ఉన్న దానికే. ఉన్నవారింటికే చుట్టాలు వస్తారన్న లోకానుభవం మార్కొవ్నికాఫ్ నియమానికి చక్కగా సరిపోతుంది.

గుడ్‌ఇయర్ గంధకం చేసినదీ ద్విబంధాల దయవల్లనే. గొలుసులోని ద్విబంధాల పొరుగున గంధకం అంటుకొని, ఒక గొలుసును మరొక గొలుసుకు వంతెనలతో కలుపుతుంది. ఇక ఎండకు జారిపోదు, చలికి బిగుసుకోదు. రబ్బరు అలా టైరుగా మారింది. హుగ్లీ జిల్లా సాహాగంజ్‌లో 1936లో వెలసిన డన్‌లప్ కర్మాగారం దేశపు తొలి టైర్ల కర్మాగారం. 2011లో అక్కడ పని నిలిచిపోయింది. ముడిరబ్బరు మాత్రం బెంగాల్‌లో పండలేదు. 1873లో క్యూ తోటలో మొలకెత్తిన కొద్దిపాటి బ్రెజిల్ రబ్బరు మొక్కలలో ఆరింటిని కలకత్తా తోటకు పంపగా అవి ఇక్కడి వాతావరణానికి బ్రతకలేదు. ఆ పంట తరువాత సింహళానికి, మలయాకు, కేరళకు దక్కింది.

ద్విబంధం స్నేహితులతో పాటు శత్రువులనూ ఆహ్వానిస్తుంది. గాలిలోని ఓజోన్ దానిని చీల్చుతుంది. ఏళ్లు గడచిన సైకిలు టైరు పక్కలలో సన్నని పగుళ్లు చూస్తాం, అవి ఓజోన్ చేసిన గాట్లు. గట్టాపెర్చా కూడా వెలుతురులో, గాలిలో ఆక్సిజన్ తగిలి పెళుసైపోతుంది. కాని నది అడుగున చీకటి, చలువ. అక్కడ దశాబ్దాలు నిలిచింది. అందుకే నేల మీద విఫలమైన చోట కూడా నీటి కింద అది సాటిలేనిదయింది. 1866లో విజయవంతమైన అట్లాంటిక్ తీగకు తొడుగు అదే.

ఈ విజయానికి చెట్లు మూల్యం చెల్లించాయి. ఆనాటి పద్ధతిలో గట్టాపెర్చా పాలు తీయాలంటే చెట్టును నరకవలసిందే. కొద్ది సంవత్సరాలలోనే సింగపూర్ ద్వీపంలో ఆ చెట్టు కనబడకుండా పోయింది. నరికేవారు మలయా, సుమత్రా, బోర్నియో అడవుల లోపలికి నడిచారు. ప్రపంచాన్ని కలిపిన తీగల వెనుక అడవుల నిర్మూలనం ఉందన్న సంగతి తంతి కార్యాలయాల వైభవ గాథలలో అరుదుగా కనిపిస్తుంది.

చెట్టు లేని తొడుగు

చెట్లను కాపాడినది కూడా ఒక ఆల్కీనే. 1933 మార్చిలో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు ఇథిలీన్‌ను మిక్కిలి అధిక పీడనానికి గురిచేశారు. వారు కోరిన చర్య జరగలేదు. పాత్ర అడుగున మైనం వంటి తెల్లని పదార్థం కాస్త మిగిలింది. ఇథిలీన్ అణువులు తమ పై బంధాలను తెరచి ఒకదాని చేయి ఒకటి పట్టుకొని వేలాదిగా గొలుసు కట్టాయి. అదే పాలిథీన్, ఆ చర్య పేరు పొలిమరీకరణం. దాని మొదటి ముఖ్యోపయోగం సంచులు కాదు, విద్యుత్ తీగల తొడుగు. 1956లో అట్లాంటిక్ అడుగున వేసిన తొలి టెలిఫోను తీగకు పాలిథీన్ తొడుగే వాడారు. గట్టాపెర్చా శకం ముగిసింది.

కలకత్తాకు పాలిథీన్ త్వరగానే వచ్చింది. హుగ్లీ ఒడ్డున రిష్రాలో ఐ.సి.ఐ. అనుబంధ సంస్థ 1959లో దేశపు తొలి పాలిథీన్ కర్మాగారాన్ని నెలకొల్పింది. అక్కడ ఇథిలీన్ పెట్రోలియం నుండి రాలేదు, చక్కెర మిల్లుల మడ్డి నుండి తీసిన ఆల్కహాలు నుండి వచ్చింది. వేడి ఉత్ప్రేరకం మీదుగా ఆల్కహాలు ఆవిరిని పంపితే ఒక నీటి అణువు తొలగి ఇథిలీన్ మిగులుతుంది. చెరకు నుండి ప్లాస్టిక్ అనే మాట నేడు కొత్తదిగా వినబడుతున్నది గాని, మన దేశంలో అది అరవై ఏళ్ల పాతది.

2000లో హల్దియా పెట్రోకెమికల్స్ ఉత్పత్తి ప్రారంభించింది. నాటి తంతితీగ నదిని దాటిన కుక్రాహాటీకి ఇది చేరువలోనే ఉంది. ఇక్కడ ముడిపదార్థం నాఫ్తా. దానిని నీటి ఆవిరితో కలిపి 800 డిగ్రీలకు పైబడిన కొలిమిగొట్టాలలో క్షణంలో సగంపాటు ఉంచితే పెద్ద అణువులు విరిగి ఇథిలీన్, ప్రొపిలీన్, బ్యూటడైఈన్ వెలువడతాయి. వెంటనే చల్లార్చకపోతే అంతా మసి అవుతుంది. తరువాత వాటిని చలువచేసి విడదీస్తారు. ఇథిలీన్ మరుగు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 104 డిగ్రీలు. కాల్చే కొలిమి, గడ్డకట్టించే గోపురం ఒకే ఆవరణలో పనిచేస్తుంటాయి. 1953లో జీగ్లర్ కనుగొన్న ఉత్ప్రేరకాల జాతి వలన అధిక పీడనం లేకుండానే కొమ్మలు లేని నిటారు పాలిథీన్ గొలుసులు సాధ్యమయ్యాయి. కొమ్మలున్నది మెత్తని సంచి అవుతుంది, కొమ్మలు లేనిది గట్టి బిందె అవుతుంది. మన వంటిళ్లలో ఇత్తడి బిందె స్థానాన్ని ఆక్రమించినది ఈ రెండవదే. అదే జాతి ఉత్ప్రేరకాలతో ఐసోప్రీన్‌ను కోరినట్లు సిస్‌గానో, ట్రాన్స్‌గానో గొలుసు కట్టించడం కూడా సాధ్యమైంది. చెట్టు ఒకటే రకం ఇస్తుంది, కర్మాగారం రెండూ ఇవ్వగలదు.

గొలుసు కట్టే క్రమంలో పాలిథీన్ తన ద్విబంధాలను దాదాపు పూర్తిగా ఖర్చుచేసుకుంటుంది. ఓజోన్ చీల్చడానికి, సూక్ష్మజీవులు కొరకడానికి పట్టు దొరకదు. తీగ తొడుగుకు ఇది వరం. కూరగాయల సంచికి ఇదే శాపం. ఎండకు అది పెళుసుబారి తునకలవుతుందే గాని మట్టిలో కలవదు. వానాకాలం కోల్‌కతా వీధులు మునిగినపుడు మురుగు కాలువల నోళ్లకు అడ్డుపడే వస్తువులలో ఇది ముందుంటుంది. 2022 డిసెంబరు 31 నుండి దేశమంతటా 120 మైక్రాన్ల కంటె పలుచని చేతిసంచులపై నిషేధముంది. సంచి మందమైతే మళ్లీ వాడతారని, ఏరుకునేవారికీ గిట్టుబాటవుతుందని దీని ఉద్దేశం. గుడ్డసంచి చేతబట్టుకు వెళ్లే ఇల్లాలికి ఏ మైక్రాన్ల లెక్కా అవసరం లేదు.

వంటింట్లో సిస్, ట్రాన్స్

ఇంటింటికీ తప్పక తెలియవలసిన సంగతి ఒకటి మిగిలింది. మన నూనెలన్నిటిలోనూ ద్విబంధాలున్నాయి, అవి సహజంగా సిస్. వేరుశనగ నూనెలో విరివిగా ఉండే ఓలియిక్ ఆమ్లం ద్విబంధం వద్ద వంగి ఉంటుంది, అందుకే సుమారు 13 డిగ్రీలకే కరుగుతుంది. దాని ట్రాన్స్ సదృశకం ఎలాయిడిక్ ఆమ్లం నిటారుగా ఉండి సుమారు 45 డిగ్రీల దాకా గట్టిగా నిలుస్తుంది. ద్విబంధమే లేని స్టియరిక్ ఆమ్లం కరగాలంటే 69 డిగ్రీలు కావాలి. రబ్బరు, గట్టాపెర్చాల లెక్కే ఇక్కడా వర్తిస్తుంది.

నూనెను నెయ్యిలా పేరుకునేటట్లు చేయడానికి నికెల్ ఉత్ప్రేరకంతో హైడ్రోజన్‌ను ద్విబంధాలకు చేరుస్తారు. అదే వనస్పతి. పూర్తిగా చేర్చితే అది మైనంలా బిగుసుకుంటుంది గనుక మధ్యలో ఆపుతారు. ఆ మధ్యలోనే చిక్కు వచ్చింది. ఉత్ప్రేరకం మీద తెరచుకున్న కొన్ని ద్విబంధాలు హైడ్రోజన్ అందక మళ్లీ మూసుకునేటపుడు సిస్‌కు బదులు ట్రాన్స్‌గా మూసుకుంటాయి. ఈ ట్రాన్స్ కొవ్వులు రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను పెంచి, మంచిదానిని తగ్గించి గుండెజబ్బుకు దారితీస్తాయని పరిశోధనలు నిర్ధారించాయి. మన దేశంలో 2022 జనవరి నుండి నూనెలు, కొవ్వులలో వీటి పరిమితి 2 శాతం. పెళ్లిళ్లలో వనస్పతితో చేసిన మిఠాయిలనే ఘనంగా భావించిన తరానికి ఇది మింగుడుపడకపోవచ్చు. కాని డబ్బాపై ట్రాన్స్ కొవ్వు వివరం చదివి కొనడం మేలు. ఒకే నూనెను పదేపదే పొగలు వచ్చేదాకా కాచినా కొద్దిగా ట్రాన్స్ ఏర్పడే ప్రమాదముంది.

బెంగాలీల ఆవనూనెలో ఎరూసిక్ ఆమ్లం అనే పొడవాటి సిస్ ఆమ్లముంది. దాని ఘాటుకు కారణమైన అణువులోనూ చివర ఒక ద్విబంధముంది. కొత్తగా కోల్‌కతాకు వచ్చిన తెలుగువారు ముక్కు మూసుకునేది ఆ అణువుకే. వేసవిలో మామిడికాయలను గడ్డిలో మాగవేసే మన అమ్మమ్మలు వాడుకున్నదీ ఇథిలీనే. కాయ తనంతట తాను వదిలే ఆ వాయువు గడ్డిలో నిలిచి మిగతా కాయలను పండిస్తుంది. కార్బైడుతో పండించడం చట్టవిరుద్ధం. అందులో ఆర్సెనిక్, భాస్వరం మలినాలు ఉండవచ్చు. గదులలో పది లక్షల పాళ్లకు 100 పాళ్ల వరకు ఇథిలీన్ వాయువుతో పండించడానికి మాత్రం అనుమతి ఉంది.

ఓషానెస్సీ ప్రారంభించిన తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. గట్టాపెర్చా మాత్రం పోలేదు. పంటినాడి తొలగించి వేరు కాలువ చికిత్స చేసే దంతవైద్యుడు, ఖాళీ అయిన ఆ సన్నని గొట్టంలో నింపే గులాబీరంగు పుల్లలలో నేటికీ ఉన్నది ఆ ట్రాన్స్ గొలుసులే. వేడిచేస్తే మెత్తబడి సందులన్నీ కమ్ముతుంది, చల్లారితే గట్టిపడుతుంది, పంటి లోపలి చీకటిలో, నది అడుగున నిలిచినట్లే, ఏళ్ల తరబడి నిలుస్తుంది.